కాలిన గుడ్డకు చేసే వైద్యం

లాండ్రీలో ఆమెను అందరూ మరకలమ్మ అంటారు. ఏదో అమ్మవారి పేరులా ఉందని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. వారం తిరక్కుండానే వాళ్ళూ అలాగే పిలుస్తారు.

హోటళ్ళ దుప్పట్లు, ఆఫీసుల యూనిఫారాలు, ఇళ్ళ బట్టలు ఉతికే ఆ లాండ్రీలో వెనకవైపు గది ఆమెది. పొడుగాటి రాతిబల్ల, దాని మీద సీసాలు, మెత్తటి బ్రష్షులు, పైన తెల్లటి ట్యూబులైటు. మరకపడిన బట్ట ఏదైనా యంత్రంలోకి వెళ్ళేముందు ఆ బల్ల మీదికి రావాల్సిందే. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూస్తుంది. వాసన చూస్తుంది. తడివేలితో తాకి చూస్తుంది. అప్పటికీ అంతుపట్టకపోతే కౌంటరు దగ్గరికి వచ్చి బట్ట తెచ్చిన మనిషినే అడుగుతుంది.

"ఏం పడింది బాబూ దీని మీద?"

"ఏమోనండీ, నీళ్ళే అనుకుంటా."

"నీళ్ళు ఇంత జిడ్డుగా ఉంటాయా? డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా దాచకూడదంటారు. మూడోదాన్ని నేను. నిజం చెప్పండి, నేనెవరికీ చెప్పను."

అవతలి మనిషి మెడ గోక్కుని, గొంతు తగ్గించి, నిజం చెబుతాడు. ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండదు. సరైన సీసా ఎంచుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

పెళ్ళయిన కొత్తలో లాండ్రీ వ్యాను నడిపే భర్త వెంట ఊరికే చూడ్డానికి వచ్చి, అక్కడే పనిలో కుదిరిపోయిన మనిషి ఆమె. పిల్లలు లేరు. ఆ సంగతి మీద జాలిపడే వాళ్ళకి ఆమె చెప్పే జవాబొకటే, ఊళ్ళో పిల్లలందరి సిరా మరకలూ నా దగ్గరికే వస్తాయి, నాకిక వేరే ఎందుకు అని.

అలాంటి మనిషికి ఎడమ రొమ్ములో చిన్న గడ్డ కనిపించింది. తొందరగానే దొరికింది. ఆపరేషను తేలిగ్గా అయిపోయింది. గడ్డ మాత్రమే తీసి మిగతాదంతా ఉంచారు. ఇక కొన్ని వారాలపాటు రేడియేషను పెట్టించుకుంటే చాలన్నారు. విన్నవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. అదృష్టవంతురాలివి.

ఆ మాట ఆమెకు బరువైపోయింది. జుట్టు ఊడలేదు. వాంతులు లేవు. అన్నం సయిస్తోంది. చూసేవాళ్ళకి ఆమె సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న మనిషిలా కనిపిస్తుంది తప్ప రోగిలా కనిపించదు. ఒంట్లో ఉన్నదల్లా ఒక అలసట. నిద్రతో పోయే అలసట కాదది. నీళ్ళు పిండని ఉన్ని కంబళిని యంత్రంలోంచి రెండు చేతులా బయటికి లాగుతున్నట్టు, ప్రతి పనీ అలా ఉంది. అయితే అది చెప్పుకోవడానికి ఆమెకు ఏ మాటా సరిపోలేదు. అలిసిపోయానంటే అందరూ అలిసిపోయినవాళ్ళే.

ఆమె కోసమని భర్త అక్కగారు వచ్చి ఇంట్లో ఉంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కేటప్పుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో మూలుగు. ఆ మూలుగులు లెక్కపెట్టుకుంటూ లోపల గదిలో మంచం మీద పడుకోవడం మరకలమ్మకి ముళ్ళ మీద పడుకున్నట్టుండేది.

"లేచావూ? లేచి ఆ చీపురెందుకు పట్టుకున్నావు? అది నీకేమైనా చుట్టమా?" అనేది వదిన.

"ఊరికే కూర్చుంటే తోచడం లేదు వదినా."

"తోచకపోతే గోడలు లెక్కపెట్టు. నాలుగేగా, తొందరగా అయిపోతుంది."

"నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి. నువ్వు నీ ఒళ్ళు చూసుకో. ఏమైనా నొప్పిగా ఉందా?"

"ఏం లేదు. బాగానే ఉంది."

ఆసుపత్రిలోనూ ఆమె ఈ మాటే చెప్పింది.

రేడియేషను గది బయట ఒక పొడుగాటి బెంచీ. రోజూ అదే వేళకి అదే మనుషులు. ఆమె పక్కన కూర్చునేది డ్రిల్లు మాస్టారు. బతుకంతా మైదానం ఈ చివర నిలబడి ఆ చివరి పిల్లల్ని అదిలించిన గొంతు. ఇప్పుడు ఆ గొంతుకే జబ్బు. మాట గుసగుసగా తప్ప రాదు. సీసాలో నీళ్ళు చుక్కచుక్కగా మింగుతూ, మింగినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాడు. అలాంటి మనిషి పక్కన కూర్చుని, తనకి చంకలో దురదగా ఉందని, జాకెట్టు కుట్టు ఒరుసుకుంటోందని ఎలా అనుకోవడం? మనసులో అనుకోవడానికే సిగ్గేసేది.

లోపల యంత్రం దగ్గర పనిచేసే అమ్మాయికి చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి. అందుకని రోగిని ముట్టుకునే ముందు వేడి టీ గ్లాసును కాసేపు రెండు అరచేతులతో పట్టుకునేది. ఆ అమ్మాయికి ఇంకో అలవాటుంది. ఆడవాళ్ళని బల్ల మీద పడుకోబెట్టాక పైన రెండు తువ్వాళ్ళు కప్పి, ఒంటి మీద గుర్తుగా గీసిన ఊదారంగు గీతలున్నచోట మాత్రం ఒక్కో అంచూ కొద్దిగా తప్పించేది. ఆ గీతలు గది గోడల్లోంచి వచ్చే ఎర్రటి వెలుతురు గీతకి సరిపోవాలి. సరిపోతే కిరణాలు పడాల్సిన చోటే పడతాయి. మొదటిరోజు మరకలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి పడుకోవడం చూసి ఆ అమ్మాయి అంది, "మీరేం కంగారుపడకండమ్మా. నేను గీతలే చూస్తాను."

ఆ రోజే జాగ్రత్తలన్నీ చెప్పింది. గోరువెచ్చటి నీళ్ళు పోసుకోండి, రుద్దకండి, మెత్తగా అద్దుకోండి. మేమిచ్చిన క్రీము తప్ప పౌడరు, సెంటు, ఇంకేదీ ఆ చోట తగలకూడదు. గీతలు చెరిగితే చెరిగాయని చెప్పండి, మేం మళ్ళీ గీస్తాం. మరకలమ్మ అన్నిటికీ తల ఊపింది. అన్నీ గుర్తుపెట్టుకుంది కూడా.

ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న. "ఎలా ఉందమ్మా? మంటా, దురదా, ఎక్కడైనా తడిగా ఉందా?"

"ఏం లేదు తల్లీ. బాగానే ఉంది."

నిజానికి బాగా లేదు. మొదట ఎండకి కమిలినట్టు ఎర్రబడింది. తర్వాత రొమ్ము బరువెక్కి, లోపల్నుంచి సూదులతో పొడిచినట్టు అనిపించేది. ఆ పైన కింది మడతలో చర్మం లేచిపోయి తడి ఊరడం మొదలైంది. జాకెట్టు విప్పేటప్పుడు గుడ్డ అంటుకుని వచ్చేది. ఇదంతా మామూలేనని, చెబితే మందు ఉందని ఆమెకు చెప్పి ఉన్నారు. కానీ చెబితే వదిన ఇంకో నాలుగు పనులు నెత్తిన వేసుకుంటుంది. భర్త వ్యాను ఆపుకుని ఇంట్లో కూర్చుంటాడు. బెంచీ మీద మాస్టారు నీళ్ళు మింగుతూనే ఉంటాడు. ఇంత తేలిగ్గా బయటపడ్డ మనిషి ఇంకా ఫిర్యాదు చెయ్యడమా?

ఒక మధ్యాహ్నం వదిన కునుకు తీస్తుండగా ఆమె స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి ఆ చోటును చూసుకుంది. చూసింది లాండ్రీ కళ్ళతో. ఇస్త్రీపెట్టె తెల్లటి నూలుబట్ట మీద ఒక్క క్షణం ఎక్కువసేపు ఉండిపోతే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అంచుల్లో పసుపురంగు, మధ్యలో టీ రంగు. అలా కమిలిన చొక్కాలు ఆమె ఎన్నో బాగుచేసింది. దానికో పద్ధతుంది. నీళ్ళలో కాస్త వెనిగరు కలిపి, మెత్తటి గుడ్డతో అంచుల నుంచి మధ్యకి అద్దాలి. ఆరాక గంజిపొడి చల్లాలి. మిగిలిన తడినంతా అది పీల్చేస్తుంది.

ఇది గుడ్డ కాదు, ఒళ్ళు అని ఆమెకు తెలియక కాదు. ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా తన పని తను చేసుకునే దారి అదొక్కటే కనిపించింది.

మొదటిసారి అద్దినప్పుడు అరుపు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుంది. గంజిపొడి చల్లాక కాస్త చల్లగా అనిపించింది. అందుకని మర్నాడూ చేసింది. ఆ మర్నాడూ. అప్పుడు చూసుకుంటే పక్కనున్న ఊదాగీత సగం లేదు.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ గీత చెరిగిందని చెబితే ఎలా చెరిగిందని అడుగుతారు. ఇంట్లో, లాండ్రీలో కాలరు లోపల నంబర్లు రాసే పెన్ను ఒకటుంది. ఎన్ని ఉతుకులకీ పోని సిరా. ఆమె మిగిలిన సగం గీత చివర పట్టుకుని, అద్దంలో చూసుకుంటూ, చెయ్యి వణక్కుండా రెండో సగం గీసేసింది. గీత బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్క చిక్కేమిటంటే, పడుకున్నప్పుడు ఉండే ఒళ్ళు వేరు, నిలబడి చెయ్యెత్తి అద్దంలో చూసుకునే ఒళ్ళు వేరు.

తర్వాతి రోజు ఆ అమ్మాయి తువ్వాలు అంచు తప్పించింది. ఎర్రటి వెలుతురును గీతతో కలపబోయింది. కలవలేదు. బల్లను కొద్దిగా జరిపింది. అయినా కలవలేదు. వంగి దగ్గరగా చూసింది.

"అమ్మా, ఈ గీత నాది కాదు."

మరకలమ్మ తువ్వాలు అంచు పైకి లాక్కుంది.

యంత్రం ఆపేశారు. డాక్టరమ్మ వచ్చింది. వచ్చీరాగానే రెండు తువ్వాళ్ళూ తీసి పక్కన పెట్టింది. మడతలో తడిసి ముద్దయిన గంజిపొడి, దాని చుట్టూ పచ్చిపుండు. గదిలో వెనిగరు వాసన సన్నగా తెలుస్తోంది. డాక్టరమ్మ అరవలేదు. అరిచి ఉంటే మరకలమ్మ ఏడ్చి చెప్పేసేదేమో.

"ఇదెన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"ఈమధ్యే."

"ఇలాంటివేవీ రాయకూడదని, గీతలు ముట్టుకోకూడదని మీకు చెప్పలేదా ఈ అమ్మాయి?"

చెప్పింది అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే, చెప్పినా వినని మూర్ఖురాలివా నువ్వు అని అడుగుతారు. నగ్నంగా పడుకుని ఆ ప్రశ్నకు జవాబివ్వడం ఆమెవల్ల కాలేదు.

"గుర్తులేదండీ" అంది.

డాక్టరమ్మ తలతిప్పి తలుపు దగ్గరున్న అమ్మాయిని చూసింది. "రోజూ చూస్తున్నావు కదా?"

"అడుగుతున్నానండీ" అంది ఆ అమ్మాయి.

"నేనడిగింది అది కాదు."

ఆ రోజు కొలతలన్నీ మళ్ళీ మొదటినుంచి తీసుకున్నారు. బయట బెంచీ మీద అందరూ ఎండిపోయి కూర్చున్నారు. ఆమె బయటికొచ్చేసరికి మాస్టారి సీసాలో నీళ్ళు అయిపోయాయి. పుండు ఆరేదాకా చికిత్స ఆపారు. రోజు విడిచి రోజు నర్సు దగ్గర కట్టు కట్టించుకోమన్నారు.

చికిత్స తిరిగి మొదలైన రోజు లోపల ఇంకెవరో ఉన్నారు. వయసులో పెద్దావిడ, పనిలో చురుకు. "దాచుకోడానికేముందమ్మా ఇక్కడ" అని తువ్వాళ్ళు రెండూ ఒక్కసారే లాగి, వెలుతురులో అంతా చూసి, గీతలు సరిచూసుకుని, తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. మరకలమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది.

మర్నాడు బెంచీ మీద మాస్టారు ఆమె వైపు వంగాడు.

"ఆ చల్లచేతుల పిల్లని కిందికి పంపేశారట" అన్నాడు గుసగుసగా. "ఎవరో ఆవిడ పుండు చేసుకుని, ఈ పిల్ల ఏమీ చెప్పలేదందట."

మరకలమ్మ "అలాగా" అంది.

"నాకు మొహానికి మాస్కు బిగిస్తారు కదా, కదలకుండా. ఊపిరాడనట్టుంటుంది. ఆ పిల్ల బయట మైకులోంచి వెనక్కి లెక్కపెట్టేది, ఇంకెంతసేపుందో తెలియాలని. ఈవిడ లెక్కపెట్టదు." మాస్టారు ఒక చుక్క నీళ్ళు మింగి, కళ్ళు మూసుకుని, తెరిచాడు. "బతుకంతా ఒన్ టూ త్రీ నేనే చెప్పాను. చివరికి ఒక పిల్ల నాకు చెబుతుంటే వినబుద్ధేసింది. అదీ లేకుండా పోయింది."

ఆ రోజు ఆమె ఇంటికెళ్ళి అన్నం కలిపి, కలిపిన అన్నం వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమే, అందులో ఏదైనా మరక కనబడుతోందా?" అంది వదిన.

అప్పుడు చెప్పేసింది. పుండు సంగతి, వెనిగరు సంగతి, పెన్ను, గుర్తులేదన్న మాట, మాస్టారి మాస్కు, అన్నీ. వదిన మధ్యలో మాట్లాడకుండా వినడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"ఊళ్ళోవాళ్ళ చొక్కాలు పట్టుకుని నిజం చెప్పండి, నిజం చెప్పండి అని ప్రాణం తీస్తావు. నువ్వా ఈ పని చేసింది?"

"నేనే."

"నా మోకాళ్ళ కోసం ఒళ్ళు పుండు చేసుకున్నావా? నా మోకాళ్ళు నిన్నడిగాయా?" వదిన కంచం ముందుకు జరిపింది. "తిను. రేపు వెళ్ళి చెప్పెయ్. నేనూ రానా?"

"వద్దు వదినా. నువ్వొస్తే డాక్టరమ్మ కూడా ఏదో ఒక తప్పు ఒప్పేసుకుంటుంది."

పొద్దున్నే బెంచీ దగ్గర మొదట మాస్టారికే చెప్పింది. "ఆ ఎవరో ఆవిడ నేనే మాస్టారూ."

ఆయన సీసా మూత బిగించాడు. "నా క్లాసులో అయితే ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టేవాణ్ణి" అన్నాడు. నవ్వలేదు. "పెద్దవాళ్ళకి చెప్పారా?"

"ఇప్పుడే వెళ్తున్నాను."

"వెళ్ళండి" అని తల తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ నిలబడే విన్నది. "చెప్పడం మంచిదైంది. ఆ అమ్మాయి చెప్పలేదన్న మాట రికార్డులోంచి తీసేస్తాను" అంది. ఆ తర్వాత కాస్త ఆగి, "కానీ అడిగితే సరిపోదమ్మా, చూడాలి. చూడడం తన పని. రోజూ చూసి ఉంటే మొదట్లోనే దొరికేది. కొన్నాళ్ళు కిందే ఉంటుంది" అంది.

మరకలమ్మ మెట్లు దిగి కిందికి వెళ్ళింది. అది మాస్కులు తయారుచేసే గది. వేడినీళ్ళ తొట్టిలో తెల్లటి ప్లాస్టిక్ రేకు మెత్తబడుతోంది. దాన్ని పట్టకారుతో తిప్పుతూ ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఈమెను చూసి పలకరింపుగా తల ఊపింది తప్ప నవ్వలేదు.

"డాక్టరుగారికి చెప్పాను తల్లీ. నువ్వన్నీ చెప్పావని, నేనే వినలేదని."

"ఫోను చేశారు ఆవిడ."

"అయినా పైకి పంపనంటున్నారు."

"ఊఁ."

తొట్టిలో నీళ్ళు చిన్నగా కదులుతున్నాయి. ఆ అమ్మాయి పట్టకారు పక్కన పెట్టింది.

"మీరు గుర్తులేదన్నప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నానమ్మా. ఒక్కసారి నా వైపు చూస్తారేమో అనుకున్నాను."

"చూడలేకపోయాను."

"నేను మటుకు చూశానా? తువ్వాలు ఎత్తి చూడాల్సింది. మీరు సిగ్గుపడుతున్నారని వదిలేశాను. అదేదో మంచితనం అనుకున్నాను." ఆ అమ్మాయి తడిచేతులు తుడుచుకుంది. "ఇకమీదట ఎవరికీ కప్పను. ముందే అన్నీ తీసేసి చూస్తాను."

మరకలమ్మ దానికి సిద్ధపడి రాలేదు. తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. తన తర్వాత ఆ బల్ల మీద పడుకోబోయే ఆడవాళ్ళు కళ్ళముందు మెదిలారు. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి. వాళ్ళకి ఆ తువ్వాళ్ళు ఉండవు. ఎందుకు లేవో వాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

"అలా చెయ్యకమ్మా" అంది. "నాలాంటి మనిషి వస్తే ఇంకోసారి గట్టిగా అడుగు, చాలు."

"ఇంకోసారి అడిగితే చెప్పేవారా మీరు?"

అవునని అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు" అంది మరకలమ్మ. "చెప్పేదాన్ని కాదు."

ఆ అమ్మాయి ఆమె ముఖంలోకి చూసింది. కోపం పోయిందో లేదో ఆ చూపులో తెలియలేదు. "మరి?" అని ఒక్క మాట అని, రేకు మెత్తబడిందేమోనని తొట్టి వైపు తిరిగింది.

పైన ఆమె వంతు వచ్చిందని పిలిచారు. మెట్లు ఎక్కేసరికి ఆయాసమొచ్చింది. బల్ల మీద పడుకుంది. పెద్దావిడ వచ్చి రెండు తువ్వాళ్ళూ ఒక్కసారే తీసింది. మరకలమ్మ ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఎడమచెయ్యి తనే పైకెత్తి తల వెనక పెట్టుకుంది. చంకలో చర్మం లాగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కింద మడతలో మళ్ళీ కొంచెం తడిగా ఉందండీ" అంది. "రాత్రి మంటగా కూడా ఉంది. జాకెట్టు కుట్టు ఒరుసుకుంటోంది."

"కనబడుతూనే ఉంది కదమ్మా" అంది పెద్దావిడ, గీతలు సరిచూస్తూ.